మోటారు షెడ్డులోని మొబైల్ స్టార్టరు గారికి

మొబైల్ స్టార్టరు గారికి,
మోటారు షెడ్డు, కానగ చెట్టు పక్కన,
మా చేను, బంగారుపాళ్యం దగ్గర, చిత్తూరు జిల్లా.

అయ్యా,

అయ్యా అనాలో అమ్మా అనాలో ఏడాది దాటినా తేల్చుకోలేకపోయాను. చూడబోతే బోరు మోటారును ఫోన్ మీద వేసే, ఆపే ఇనప్పెట్టె, వినబోతే ఆడగొంతు. "త్రీఫేజు కరెంటు వచ్చినది. మోటారు ఆన్ చేయుటకు ఒకటి నొక్కండి" అంటారు. ఈ 'వచ్చినది', 'చేయుటకు' అనే భాష మా ఇంట్లో తాత పోయాక వినపడలేదు. మళ్ళీ మీ నోటే వింటున్నాం. అందుకే పెద్దరికం ఇచ్చి 'మీరు' అంటున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి మీరు ఫోన్ చేసినప్పుడు మిమ్మల్ని ఏమంటానో ఇక్కడ రాయడం బాగుండదు.

మీకు నా గతం తెలియదు. బెంగళూరులో 14 ఏళ్ళు సాఫ్ట్‌వేర్ సపోర్టులో పనిచేశాను. సపోర్టు అంటే ఏమిటంటే, అమెరికాలో ఎవరి సర్వరో పడుకుంటే ఇక్కడ నేను లేవాలి. పెళ్ళినాటి రాత్రి కూడా ఫోన్ సైలెంటులో పెట్టలేదు. చిన్నోడు పుట్టిన రోజు ఆసుపత్రి మెట్ల మీద కూచుని ఎవరికో లాగ్ ఫైళ్ళు చదివి వినిపించాను. నాయన పోయాక నాలుగెకరాల చేనూ తోపూ, అందులో అమ్మ ఒక్కతీ మిగిలారు. అప్పుడు మా ఆవిడతో ఒకే మాట అన్నాను. "రాత్రిపూట ఫోన్ మోగని బతుకు బతుకుదాం." ఆమె నన్ను ఎగాదిగా చూసి, "నేను మాత్రం ఉద్యోగం మాననండీ, ఇంటినుంచే చేసుకుంటా" అంది. 2024 జూన్‌లో పిల్లలిద్దరితో, వాషింగ్ మెషీనుతో, మనీ ప్లాంటు కుండీతో సహా దిగాం.

పదకొండు రోజులు ఫోన్ మోగలేదు. పన్నెండో రోజు మిమ్మల్ని బిగించారు.

మెకానిక్ అన్న చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. "చీకట్లో షెడ్డు కాడికి ఎవరు పోతారన్నా? రక్తపింజర్లు తిరిగే చోటు. ఇది పెట్టుకుంటే ఇంట్లో పండుకొనే మోటారు వేసుకోవచ్చు" అన్నాడు. 8,500 పోసి కొన్నాను. ఒక సిమ్ము కూడా మీ పొట్టలో వేశాడు. ఆ రోజు నుంచి మా కుటుంబంలో మీరు ఆరో మనిషి. మీకు సొంత ఫోన్ నంబరు ఉంది, మా అమ్మకు లేదు.

మొదటి తగవు రీచార్జి దగ్గర వచ్చింది. 28 రోజులకొకసారి మీకు కూడు పెట్టాలి. లేకపోతే మూగపోతారు. "మూడు నెలలది ఒకేసారి వేయించేస్తే పోతుంది కదా" అన్నాను. "మనం ఇక్కడ ఎన్నాళ్ళుంటామో ఎవరికి తెలుసు? 28 రోజులదే వేయించండి" అంది మా ఆవిడ. అలా 28 రోజులకొకసారి, ఈ ఊళ్ళో ఉంటున్నామా పోతున్నామా అన్న చర్చ మా ఇంట్లో జరుగుతూ వచ్చింది. ఊరి గంగమ్మకు కూడా ఏడాదికి ఒక్క జాతరే. మీకు పదమూడు.

మీరు మాకు చేసిన మేలు కూడా చెప్పాలి. మా ఇల్లు పల్లంలో ఉంది. ఇంట్లో సిగ్నలు ఒక గీత వస్తే పండగ. మీ దగ్గర నాలుగు గీతలు. అందుకే మా ఆవిడ ఆఫీసు మీటింగులన్నీ మీ కాళ్ళ దగ్గరే. షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ, పక్కన యూరియా మూటలు, గోడకు బల్లి. ఒకసారి వాళ్ళ మేనేజరు "వెనకాల ఆ నీళ్ళ చప్పుడు భలే ప్రశాంతంగా ఉంది, ఏ యాప్?" అని అడిగాడట. మన పది హెచ్‌పీ మోటారు 900 అడుగుల లోతునుంచి తోడి తొట్టిలో పోస్తున్న నీళ్ళు సామీ అవి! ఆవిడ ఆ సంగతి చెప్పలేదు. చెబితే జీతం తగ్గిస్తారని భయం. ఆ జీతం తగ్గితే మా సేద్యం ఆగిపోతుంది. విత్తనం చెనిక్కాయలు (వేరుశనగ) ఆమె జీతం. దున్నకం బాడిగ ఆమె జీతం. టమోటా మందులూ, కట్టెలూ, పురికొస కూడా ఆమె జీతమే. నేను రైతునని చెప్పుకు తిరుగుతాను, పెట్టుబడిదారు మాత్రం మీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూచుని ఉంటుంది.

రెండో నెలలో మీరు చేసిన పని గుర్తుందా? ఎవరు ఫోన్ చేసినా తీసే పద్ధతిలో మెకానిక్ అన్న మిమ్మల్ని వదిలేశాడు. మీ నంబరుకు ఎవరో క్రెడిట్ కార్డు అమ్మే అమ్మాయి ఫోన్ చేసింది. ఆమె కార్డు కావాలా అని అడిగే ఉంటుంది. మీరు మోటారు వేశారు. రెండు గంటల తర్వాత ఇంకొకాయన పర్సనల్ లోను గురించి చేశాడు, ఆపేశారు. ఆ మధ్యలో టమోటా మడి చెరువైంది. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న రైతులు కూడా లోన్ల వల్లే మునిగారని విన్నాను, లోను ఇస్తామన్న ఫోనుకే మునిగింది నేనొక్కడినే.

ఇక కార్తీకానికి ముందు తిరుమల పోయిన సంగతి. ఊరికి వచ్చాక తొలి మొక్కు. కొండ మీద సెల్‌ఫోన్ లోపలికి రానివ్వరు, కౌంటరులో ఇచ్చేయాలి. ఫోన్ సంచిలో వేసి ఇస్తుంటే, నిజం చెబుతున్నాను, ఎడమ చెయ్యి తీసి పక్కన పెట్టినట్టు అనిపించింది. రెండు గంటలయ్యాక మాత్రం ప్రాణం హాయిగా ఉంది. సర్వదర్శనం క్యూలో 14 గంటలు. పిల్లలు పడుకున్నారు, అమ్మ గోవింద నామాలు చదువుతోంది. ఈ పద్నాలుగు గంటలూ నన్ను ఎవరూ, ఏ సర్వరూ, ఏ పెట్టే పిలవలేదు. బెంగళూరులో నేను ఊహించుకున్న పల్లె బతుకు నాకు ఆ క్యూ కాంప్లెక్సులో దొరికింది.

కిందికొచ్చి ఫోన్ తీసుకుంటే 17 మిస్‌డ్ కాల్స్. పన్నెండు మీవి, అయిదు పక్క చేను మామవి. పోయేముందు మిమ్మల్ని ఆటోలో, అంటే కరెంటు రాగానే మీ అంతట మీరే మోటారు వేసే పద్ధతిలో పెట్టి, గేటు వాల్వు టమోటా వైపు తిప్పి పోయాను కదా. కరెంటు రాగానే మీరు వేశారు. పైపు జాయింటు ఊడింది. నీళ్ళు గెనిమ (చేని గట్టు) దాటి మామ చేలో దిగాయి. అక్కడ ఆయన చెనిక్కాయ పీకి ఓదెలు వేసి ఎండబెట్టుకున్నాడు. కాయ నల్లబడింది, కొంత మొలకెత్తింది. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పోయి గెనిమ మీద నిలబడ్డాను. మామ తడిసిన చెట్టొకటి తీసి నా ముందు విదిలించాడు. "ఏం అల్లుడూ, దేవుడు నీకు దర్శనం ఇచ్చినాడు, నా కాయకు తీర్థం ఇచ్చినాడు" అన్నాడు. లెక్క కట్టి ఇస్తానంటే తీసుకోలేదు. "ఇస్తే నీ పెండ్లాం జీతమే కదా ఇచ్చేది" అన్నాడు. ఊరికి మా బండారం అంత తెలుసని నాకు అప్పుడే తెలిసింది. ఆ రాత్రి అమ్మ లడ్డూతో పాటు సంగటీ ఊరిబిండీ ఇచ్చి పంపింది. గిన్నె కడిగి తిరిగొచ్చింది. పల్లెలో గిన్నె ఖాళీగా తిరిగిరాదు, ఏదో ఒకటి వేసి పంపుతారు. ఆ గిన్నె మాత్రం ఖాళీగా వచ్చింది. నెల రోజులు పట్టింది అందులో మళ్ళీ చింతచిగురు రావడానికి.

నవంబరు ఆఖర్న ఫెంగల్ తుఫాను. పుదుచ్చేరి దగ్గర తీరం దాటిందన్నారు, వాన మాత్రం మా ఇంటిమీద దాటింది. చేలో మోకాటి లోతు నీళ్ళు. కోళ్ళు అటక మీద, ఆవు వసారాలో, మేము ఆవు పక్కన. కరెంటు వస్తూ పోతూ ఉంది. వచ్చిన ప్రతిసారీ మీరు ఫోన్. "త్రీఫేజు కరెంటు వచ్చినది. మోటారు ఆన్ చేయుటకు ఒకటి నొక్కండి." ఒక్క రోజులో 23 సార్లు. ఇరవై మూడోసారి చిన్నోడు ఫోన్ లాక్కుని "మా చేలో పడవ వేయుటకు ఏం నొక్కాలి?" అని అడిగాడు. మీరు "తప్పు ఎంపిక" అన్నారు. నిజమే, తప్పు ఎంపికే. బెంగళూరు ఇల్లు ఖాళీ చేసిన నాటినుంచీ మా ఆవిడ మర్యాదగా అంటున్న మాట అది.

పిడుగుకు మోటారు కాయిలు కాలిపోయింది ఆ వారమే. మూడింట్లో ఒక ఫేజు పోతే మీరు కట్టేస్తారని, మోటారు కాలదని నమ్మబలికారు. ఫేజు సంగతి సరే, పిడుగుతో మీకు ఒప్పందం లేదట. మోటారు ఎత్తే బండి వచ్చింది. ఇరవై అడుగుల పైపులు, ఒక్కొక్కటే లాగి, విప్పి, చేలో పరచాలి. చిన్నోడు గట్టు మీద కూచుని లెక్కపెట్టాడు. నలభై అయిదు. బళ్ళో ఎంత కొట్టినా రాని ఇరవయ్యో ఎక్కం వాడికి ఆ రోజు వచ్చేసింది.

పగటిపూట 9 గంటల కరెంటు అన్నది కాగితం మీది మాట. అది ఒక్క బిగిన వస్తే మీలాంటివాళ్ళ అవసరమే ఉండదు. ఎక్కడో కొమ్మ పడిందనీ, లైన్ మీద పని ఉందనీ పగలు పోతుంది. పోయినదాన్ని రాత్రి పూడుస్తారు. మా అదృష్టం ఏమంటే ఉచితం. 2004 నుంచి ఈ రాష్ట్రంలో సేద్యానికి కరెంటు ఊరికే ఇస్తున్నారు. వద్దనే మనిషిని కాను. బిల్లు కట్టమంటే నా లెక్కన ఈ చేను నెల తిరగదు. కానీ మీటరు తిరగని మోటారును ఆపాలని ఎవరికి గుర్తుంటుంది చెప్పండి? గుర్తుచేయాల్సిన మీరు "ఆన్ చేయుటకు" అని ముందు అడుగుతారు, "ఆఫ్ చేయుటకు" తర్వాత. నేను ఆటోలో పెట్టి నిద్రపోతాను. మామ కూడా అంతే. ఆయన బోరు 1,150 అడుగులు, మాది 1,050. వంద అడుగులు నాకంటే లోతున్నాడని నేను కుళ్ళుకుంటాను. ఆయనకు అవతల చేను వాళ్ళది 1,200 అని కుళ్ళు. ఆకాశంలో మేడలు కట్టుకున్నవాళ్ళను చూసి ఏడ్చే ఊళ్ళోంచి వచ్చి, భూమిలోకి తవ్వినవాళ్ళను చూసి ఏడుస్తున్నాను.

మా తోపు మూలన పాత కపిల బావి, ఒకప్పుడు ఎద్దులతో నీళ్ళు తోడిన బావి, ఉంది. ఇప్పుడు అందులో వేపచెట్టు మొలిచి పైకొచ్చింది, నీళ్ళు లేవు. ఒక సాయంత్రం మీరు అదేపనిగా పిలుస్తుంటే అమ్మ అంది. "మీ జేజినాయన కపిల తోలేటప్పుడు ఎద్దులు అలిసిపోతే నిలబడేవి. వాటితో పాటు బాయికీ అలుపు తీరేది. ఊట ఊరేది. నీ పెట్టె అలవదు కదరా."

ఆ మాట మార్చిలో తెలిసొచ్చింది. అంతవరకు మీ ఫోన్ అంటే విసుగు ఉండేది, భయం ఉండేది కాదు. మార్చి రెండో వారంలో కొత్త మాట నేర్చుకున్నారు. "డ్రై రన్. మోటారు ఆపబడినది." నీళ్ళు అందక మోటారు ఉత్తినే తిరుగుతోంది, అందుకే ఆపేశానని. మొదట మూడు గంటలకు ఒకసారి చెప్పారు. ఉగాది దాటేసరికి గంటకు. మే నెలలో నలభై నిమిషాలకే. రెండించుల నీళ్ళు ఇంచికి వచ్చి, ఇంచి సన్నబడి దారమైంది. సర్వరు పడిపోయిందని రాత్రి రెండింటికి ఎవరైనా లేపితే లేచి ఏదో ఒకటి చేసేవాణ్ణి. రీస్టార్టు చేసేవాణ్ణి. దీనికి ఏ బటనూ లేదు.

కొత్త బోరు వేయాలన్నారు అందరూ. నీళ్ళ పాయింటు చూసే ఆయన వచ్చాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా నడిచాడు. రెండు చోట్ల టెంకాయ లేచి నిలబడింది. ఒకటి సరిగ్గా మా ఆవిడ కుర్చీ వేసుకునే చోటు. బోరు బండి తమిళనాడు నుంచి రావాలి, అడుగుకింతని రేటు, లోతు పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుంది. ఆమె ఆ రాత్రి లాప్‌టాప్ తెరిచి ఒక ఎక్సెల్ షీటు చేసింది. ఏమీ మాట్లాడలేదు, తెర నావైపు తిప్పింది. ఆఖరి గడి ఎర్రగా ఉంది. బోరు వేయలేదు. టమోటా వదిలేశాం. (వదిలినందుకు బాధ లేదు. కిందటి పంట కోసి పలమనేరు పంపితే కోత కూలి కూడా రాలేదు, గట్టు మీదే పారబోసి ఆవుకు పెట్టాం. ఆవు కూడా రెండో రోజుకు మొహం తిప్పుకుంది.) ఉన్న నీళ్ళన్నీ డ్రిప్పుకు తిప్పాం. డ్రిప్పు పైపులు ఉడుతలు కొరికాయి. వాటికీ దాహమే కదా అని పాప అంది. పాప ఏడో తరగతి, ఉడుతల పక్షం.

మిగిలింది మామిడి తోపు. నాయన నాటిన చెట్లు, తోతాపురి. మా వైపు బెంగళూరా అంటారు. బెంగళూరునుంచి పారిపోయి వచ్చి బెంగళూరా అమ్ముకుంటున్నానని ఊరంతా ఒకటే నవ్వు. 2025లో చెట్టు విరగకాసింది. మాకే కాదు, జిల్లా మొత్తానికీ విరగకాసింది. అదే వచ్చిన కష్టం. కిలో 12 రూపాయలు అన్నారు, ఫ్యాక్టరీ 8 ఇస్తుంది, ప్రభుత్వం 4 వేస్తుందని. ట్రాక్టరుకు అయిదు టన్నులు ఎక్కించి టోకెన్ పట్టుకుని జ్యూస్ ఫ్యాక్టరీ దగ్గరికి పోయాం, నేనూ మామా. గేటు కనపడలేదు. గేటు ముందున్న ట్రాక్టర్ల తోక కనపడింది.

రెండు రాత్రులు. ట్రాలీ కింద పట్టా పరుచుకుని పడుకున్నాం. పైన కాయ మాగుతూ ఉంది. మొదటి రోజు తీపి వాసన, రెండో రోజు పులుపు. మామ ఒక కాయ కోసి ఉప్పూకారం అద్ది నాకిచ్చాడు. చెనిక్కాయ తడిసినప్పటినుంచీ ఆయన చేత్తో ఇచ్చింది తినడం అదే మొదలు. రెండో తెల్లవారి, ఇంకా నలుపు తగ్గలేదు, మీరు ఫోన్ చేశారు. "త్రీఫేజు కరెంటు వచ్చినది." నేను తీసేలోపే మామ ఫోన్ మోగింది. ముందున్న ట్రాక్టరులో ఇంకొకటి. దాని ముందు ఇంకొకటి. మా సబ్‌స్టేషన్ కిందివాళ్ళమే కాబోలు వరసలో చాలామందిమి ఉన్నాం. రోడ్డు పొడుగునా చీకట్లో ఒకే గొంతు, ఒకరి తర్వాత ఒకరి చెవిలో, "వచ్చినది, వచ్చినది" అంటూ పోయింది. మీకు ఇంతమంది అక్కచెల్లెళ్ళున్నారని నాకు అప్పటిదాకా తెలియదు. ఒక పెద్దాయన బటన్ల ఫోన్ స్పీకరులో పెట్టి, పంచె సర్దుకుంటూ మీకే జవాబు చెప్పాడు. "వచ్చినావు సరే తల్లీ. ఒకటి నొక్కితే ఈ కాయ దిగుతుందా?"

మీరు "తప్పు ఎంపిక" అన్నారు. వరసంతా నవ్వింది. రెండు రాత్రుల్లో అందరం కలిసి నవ్వింది అప్పుడే.

మధ్యాహ్నానికి కాయ దిగింది. కాటా చీటీ ఇచ్చారు. తేదీ ఉంది, బండి నంబరు ఉంది, తూకం ఉంది. రేటు అని రాసిన గడి ఖాళీగా ఉంది. "ఎంతన్నా?" అంటే "తర్వాత చెబుతారు" అన్నాడు కిటికీలో అబ్బాయి. ఫోన్ చేసి చెబుతారా అని అడిగాను. ఆయనకు అర్థం కాలేదు. మన ఫోన్ల సంగతి ఆయనకేం తెలుసు.

కాబట్టి స్టార్టరు గారూ, మీకు నా విన్నపం ఇది. వాన పడే రోజు మౌనంగా ఉండండి. పెళ్ళిళ్ళలో తాళి కట్టే సమయానికి పిలవకండి, మొన్న కాణిపాకంలో పురోహితుడు నావైపు చూసిన చూపు మరవలేను. ఎద్దులు నిలబడ్డట్టు మీరూ మధ్యమధ్య గంటసేపు నిలబడటం నేర్చుకోండి. చేతకాకపోతే నన్ను లేపి చెప్పండి, నేనే వచ్చి ఆపుతాను, టార్చిలైటు వేసుకుని, పాములుంటే ఉండనీ. డ్రై రన్ మాట మాత్రం మెల్లగా చెప్పండి. ఆ గొంతుతోనే "వచ్చినది" అన్నంత హుషారుగా చెప్పకండి.

ఇట్లు,
మీలో రెండో నంబరుగా నమోదైన రైతు
(మొదటి నంబరు మా ఆవిడది)

తా.క.: మీ రీచార్జి నిన్నటితో అయిపోయింది. షాపుకు పోదామని చెప్పులు వేసుకుంటుంటే, "నేను పొద్దున్నే వేసేశాను" అంది మా ఆవిడ. ఫోన్ తీసి చూశాను. 365 రోజులది వేసింది.